సాల్మీ రోడ్డులో శుక్రవారం

అర్దియా, కువైట్
20-1-2025, సోమవారం

చి.ల.సౌ. రెడ్డెమ్మకు సిద్ధయ్య ఆశీర్వదించి రాసేది.

నేను క్షేమం. నువ్వు అక్కడ ఎలా ఉన్నావని అడుగుదామంటే, ఆ అక్కడ ఎంత దూరమని? నేనుండే అర్దియా నుంచి నువ్వు పనిచేసే సబా అల్ సలేంకు బండిలో ఇరవై అయిదు నిమిషాలు. మొగుడూ పెళ్లాం ఒకే దేశంలో ఉండి ఉత్తరాలు రాసుకుంటున్నారంటే ఊళ్లో నవ్వుతారు. నవ్వనీ. మీ మామా, ఆ ఇంటి యజమానురాలు, నీ ఫోను లాక్కుంది కాబట్టి, మీ పక్కింట్లో పనిచేసే సంజీవమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. చించేసే ముందు ఒక్కసారి చదువు.

శుక్రవారం నువ్వు దజీజ్‌లో పది నుంచి ఒంటిగంట దాకా నా కోసం నిలబడ్డావని ఆమే చెప్పింది. ఏడు నెలలకు దొరికిన సగంపూట సెలవు అది. శనివారానికి మీ మామాకు జవాబు చెప్పాలి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఇంకో రెండేళ్లు కట్టించుకోవడమా, ఊరికి వెళ్లిపోవడమా అని. ఇద్దరం కలిసి తేల్చుకుందామన్నావు. వచ్చి ఉంటే పోదాం పద అనే చెప్పేవాణ్ణి. నమ్మితే నమ్ము.

ఇక ఆ రోజు సంగతి. డాక్టరు షుగరు ఉందని భయపెట్టినప్పటి నుంచి నాకు జీతమిచ్చే మా బాబాకు సైకిలు పిచ్చి పట్టింది. గురువారం సాయంత్రం హుకుం వచ్చింది. తెల్లారుజామున బయలుదేరి సాల్మీ దాకా వంద కిలోమీటర్లు తొక్కుతాడట, వెనకాల బండి నేను నడపాలట, తొమ్మిదికల్లా ఖలాస్ అట. వీసా ఇచ్చిన కఫీల్ మాటకు ఎదురు చెప్పేదెవరు? తొమ్మిదికి అయిపోతే పదిన్నరకు నీ దగ్గర ఉంటాననుకున్నాను.

జహ్రా దాటాక ఆ రోడ్డు నువ్వు చూడలేదు. చెట్టూ చేమా ఉండవు. ఇసుక, కరెంటు స్తంభాలు, ఎక్కడో నాలుగు ఒంటెలు. నూట ఇరవైలో పోవాల్సిన బండిని ఇండికేటర్లు రెండూ వెలిగించి ఇరవైలో నడిపాను, ఆయన వీపు చూస్తూ. వెనక లారీలవాళ్లు తిట్టింది మాత్రం నన్ను. అరగంటకోసారి ఆగడం, మడత కుర్చీ వేయడం, నీళ్లూ ఖర్జూరాలూ అందించడం, మోకాలికి మందు రాయడం. దానికి తోడు ఎదురుగాలి లేచింది. పది గంటలకు డెబ్బై కూడా దాటలేదు. సంజీవమ్మకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

ఎనభై దగ్గర ఆయన దిగి కూలబడ్డాడు. అమ్మయ్య, వెనక్కి తిరిగితే ఒంటిగంటలోపు నిన్ను అందుకోవచ్చనుకున్నాను. ఆయన చేతి గడియారం విప్పి నా చేతికి కట్టాడు. తొక్కిన దూరం అది లెక్కపెట్టి ఆయన స్నేహితులందరికీ చూపిస్తుంది. వంద తొక్కుతానని చెప్పుకున్నాడు, ఎనభైతో ఆగితే పరువు పోతుంది. యల్లా సిద్ధయ్యా, ఇరవయ్యే కదా అని తన టోపీ నా నెత్తిన పెట్టి, తాను ఏసీ బండి ఎక్కాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

దాచడమెందుకు, మొదట్లో నాకు సంతోషంగానే ఉండింది. నిన్ను వెనక కూర్చోబెట్టుకుని రాయచోటికి సినిమాకు తొక్కిన రోజులు గుర్తొచ్చాయి. తిరిగి చూస్తే మా బాబా స్టీరింగు పట్టుకుని ఇరవైలో నా వెనకాలే వస్తున్నాడు. పదకొండేళ్లలో ఒక్క గంట ఆయన నాకు డ్రైవరు. ఆ గంటలోనే నువ్వు అక్కడ ఎండలో నిలబడి ఉన్నావు. అది తలచుకున్నాక తొక్కుతూనే ఏడ్చాను.

సాల్మీలో ఆయన సైకిలు పట్టుకుని ఫోటో దిగాడు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా స్నేహితుల పొగడ్తలు చదివి వినిపించాడు, నేను మాషా అల్లా అన్నాను. ఆయన్ను ఇంట్లో దింపి దజీజ్‌కు పరుగెత్తేసరికి రెండున్నర.

శనివారం నువ్వు రెండేళ్లకు ఒప్పుకుని సంతకం పెట్టావట. ఆయప్పకు రావాలనుంటే వచ్చుంటాడులేక్కా, రానోడిని నమ్ముకోని ఊరికి పోయి నేనేం జేసేది అన్నావని సంజీవమ్మ చెప్పింది. ఒళ్లు మండింది. ఇంకొక్క పూట ఆగి ఉంటే నీ సొమ్మేం పోయేదని నిన్నే తిట్టుకున్నాను. మా బాబానూ తిట్టుకున్నాను, గాలినీ తిట్టుకున్నాను. ఇంకా కోపం తీరలేదు.

ఒంటికి నూనె రాసుకో, చలికి చేతులు పగులుతాయి నీకు.

ఇట్లు,
ఇరవై అయిదు నిమిషాల దూరంలో ఉన్న
నీ సిద్ధయ్య

తా.క.: ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. పైన హుకుం అని రాసింది అబద్ధం. ఆయన అడిగాడు. రేపు నీకేమైనా పనుందా, ఉంటే తౌఫిక్‌ను తీసుకుపోతాను అని రెండుసార్లు అడిగాడు. నా భార్యను కలవాలి అన్న మాట నోటి దాకా వచ్చింది. ఏమీ లేదు బాబా అన్నాను. భయపడి కాదు. పదకొండేళ్లుగా ఆయన ఏమడిగినా ఈ నోరు అదే అంటుంది. నా గదిలోనే ఉండే రెండో డ్రైవరు తౌఫిక్ నీకు తెలుసు కదా, వాడు ఆ శుక్రవారమంతా పడుకుని నిద్రపోయాడు.