కరెంటుకు వాసన లేదు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ డీజిల్ కారు అమ్మేసి కరెంటు కారు కొన్నాను. కోప్పడకు, దీని మీద నాకూ నమ్మకం లేదు.

దుబాయిలో డ్రైవరుగా ఉన్న చిన్నాయిన సెలవు మీద వచ్చాడు. "ఆడ పెట్రోల్ సస్త, మైలేజ్ ఎవ్వడడగడు. ఈడ ముందుగాల గదే అడుగుతరు. ఇగ ఆడ గూడ కరెంట్ బండ్లు దిగుతున్నయి" అన్నాడు. పెట్రోలు చవకగా దొరికే చోట కరెంటు కారెందుకు? ఏదో ఉంది. నువ్వైతే "గంత సస్తకు ఇస్తున్నరంటే అండ్ల ఏం కలుపుతున్నరో" అనేవాడివి.

మేడ్చల్ బంకులో నువ్వు దిగి, మీటరు మీద సున్నా చూసి, డీజిల్ చుక్కను వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తే తప్ప కొట్టించేవాడివి కాదు. ఇవాళ అక్కడే మొదటిసారి చార్జింగ్ పెట్టించాను. దిగి సున్నా చూశాను. తర్వాత చార్జింగ్ గన్నును ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"కరెంట్ల ఏం కలుపుతరు బిడ్డా" అన్నాడు చిన్నాయిన.

ఏ వాసనా లేదు. అదే నా అనుమానం.

నువ్వు వేళ్లు తుడుచుకునే గుడ్డను మాత్రం పాత కారుతో పంపలేదు. కొత్త కారు అరలో పెట్టాను. చిన్నాయిన అటు తిరిగినప్పుడు తీసి వాసన చూశాను. ఏడాదైనా పోలేదు. నీ డీజిల్లో కల్తీ లేదు, నాయినా.