నా పేరున కాచని ఆష్

అమ్మా, నేను కులాసా, బెంగపడకు. ఇక్కడ అర్దబీల్‌లో మోకాలిలోతు మంచు పడి మా బడికి సెలవిచ్చారు.

ఈ చలికి వేడివేడిగా చిక్కటి ఆష్ సూపు తాగాలనిపించి చిక్కుడుగింజలు, ఆకుకూర ఉడకేశాను. పొడుగు సేమ్యా వేస్తుంటే ఇంటావిడ గుల్‌నార్ ఖానం వచ్చి, "నువ్వు బయల్దేరాక మీ అమ్మ నీ పేరున ఆష్ కాచి పంచిందా?" అంది. నువ్వు వద్దంటున్నా వచ్చేశానని చెప్పాను.

"అలిగి మానేసిందా? మరి వెళ్ళిన పిల్ల తిరిగి ఇల్లు చేరేదెట్టా! ఇటివ్వు గరిటె," అని తనే కాచి, మంచులో వీధంతా తిరిగి పంచొచ్చింది. నాకు చెంచాడు కూడా పెట్టలేదు. ఎవరి పేరున కాస్తే వాళ్ళు తినకూడదట!

నాన్న మోకాలినొప్పి తగ్గిందా? నువ్వు ఎండబెట్టిన పుదీనా పంపు. నౌరూజ్ పండక్కి వస్తాను. మళ్ళీ బయల్దేరాక ఎంతైనా తిట్టుకో, ఆష్ మాత్రం కాచు.

నీ చేతులకు ముద్దులతో,
ఆకలిగా ఉన్న నిగార్