చంద్రుడు దాచుకోని పుల్ల

కర్నూలు జిల్లా బేతంచెర్ల కాపురస్తుడు, కీర్తిశేషుడు కంబన్న కొడుకు, అరవై నాలుగేండ్ల పెద్ద ఈరన్న అను నేను, నలభై ఏండ్లు రాతిగనిలో మందు దట్టించి బండలు పగలగొట్టినవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. మందు చప్పుడుకు నా చెవులు పోయిన మాట నిజమే. చెవులు పోతే మతి పోయినట్టు కాదని నా భార్య రామేశ్వరమ్మ, కొడుకు లక్ష్మన్న గ్రహించవలెను. రాస్తున్నది మా వీధి శేషన్న. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. చట్టం మాటలు అతనే వేసుకుంటాడు.

1. నేనుంటున్న నాపరాతి ఇల్లు రామేశ్వరమ్మకు సర్వహక్కులతో చెందవలెను. అరుగు మీద నుంచి నా స్నేహితులను లేపి పంపే శ్రమ ఇకమీదట ఆమెకు ఉండదు. వాళ్ళు ఎలాగూ రారు.

2. రెండెకరాల జొన్నచేను లక్ష్మన్నకు చెందవలెను. గట్టు మీది కానుగ చెట్టును కొట్టరాదు. పెళ్ళైన కొత్తలో వాళ్ళమ్మ నాకు సంగటి తెచ్చి పెట్టింది దాని నీడలోనే.

3. సమ్మెట, గడ్డపార, మందు దట్టించే కట్టె, గనిలో నా తర్వాత ఆ పనికి వచ్చిన ఆంజనేయకు ఇవ్వవలెను. మందు దగ్గర బీడీ ముట్టించనని ప్రమాణం చేసిన తర్వాతే ఇవ్వవలెను.

4. నా పట్టు రుమాలు, అటక మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన మూడు మూరల వెదురు పుల్ల, ఈ రెండూ మా గనిలో బండకు బెజ్జాలు కొట్టిన లాజరుకు చెందవలెను. కారణం రాయకపోతే రామేశ్వరమ్మ ఆ పుల్లను పొయ్యిలో పెడుతుంది కనుక రాయిస్తున్నాను.

ఒకప్పుడు లాజరూ నేనూ తారాజువ్వలు కట్టేవాళ్ళం. ఒకే బండ మీద కూర్చుని బొగ్గు నూరేవాళ్ళం. నాది జిల్లేడు బొగ్గు, అతనిది కందికట్టె బొగ్గు. అతని ఇంటి పచ్చికారం నేను తినేవాణ్ణి, మా ఇంటి రొట్టె అతను తినేవాడు. ఈ సంగతి రామేశ్వరమ్మకు ఇప్పుడే తెలుస్తోంది. చంద్రుణ్ణి ముందుగా అందుకునేది ఎవరి జువ్వ అని మా పోటీ. ఊరు నవ్వింది గానీ మేమిద్దరం నిజంగానే నమ్మాం. పున్నమి నాడు పొద్దుగుంకే వేళ చంద్రుడు గుట్ట మీద కూర్చుంటాడు కదా, అప్పుడు కొడితే తగులుతాడని మా లెక్క. అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు.

ధాత సంవత్సరం చైత్ర పున్నమి నాడు బండకు రెండు బెజ్జాలు కొట్టాం. ఊరిపెద్ద తిమ్మయ్య సేద్యగాడు. కుడి ఎడమ అనడు, కాడికి కట్టిన ఎద్దుల లెక్కనే చెబుతాడు. ఎడమను దాపల అని, కుడిని వలపల అని. “దాపల బెజ్జం ఈరన్నది, వలపల బెజ్జం లాజరుది” అన్నాడు. ఆయన గుట్ట వైపు తిరిగి ఉన్నాడు, మేము ఆయనకు ఎదురుగా ఉన్నాం. ఆయన దాపల మాకు వలపల అవుతుందని ఎవరికీ తోచలేదు. ఎవరి చేతి లెక్కన వాళ్ళం జువ్వలు నిలబెట్టి అంటించాం. ఒకటి బెజ్జం దగ్గరే పేలిపోయింది. రెండోది ఈల వేసుకుంటూ పోయి నేరుగా చంద్రుడిలో దూరింది. మళ్ళీ కనబడలేదు.

పైకి పోయింది తన దాపల బెజ్జంలోది కనుక, తిమ్మయ్య దాన్ని నాదిగా లెక్కగట్టి నా తలకు పట్టు రుమాలు చుట్టాడు. “పైకి పోయింది నాదప్పా. పుల్ల దొరికితే సూడండి, ఎర్రదారం ఉంటాది” అన్నాడు లాజరు. పుల్లను చంద్రుడు దాచుకున్నాడు, ఇక దొరకదని ఊరంతా నవ్వింది. పొగలో నాకూ తెలియలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగో రోజు మా చేనులో, జొన్న కొయ్యకాళ్ళ మధ్య ఆ పుల్ల గుచ్చుకుని ఉంది. దానికి ఎర్రదారం ఉంది. తెచ్చి అటకెక్కించాను. లాజరు ఆ తర్వాత జువ్వ కట్టలేదు. నేను ఇరవై మూడేండ్లు ప్రతి తిరునాళ్ళకూ ఆ రుమాలు చుట్టుకుని తిరిగాను. సిగ్గుపడుతున్నాను.

పోయిన నెల రష్యావాళ్ళ జువ్వ చంద్రుడికి తగిలిందని పంచాయతీ రేడియో చెప్పింది. నాకు వినపడదని లాజరే నా చెవిలో అరిచి చెప్పాడు. “నీ పుల్ల ఆడనే ఉంటాది కదప్పా, వాళ్ళకు కనపడిందేమో” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఇరవై మూడేండ్లకు తన నోటితో తానే దాన్ని నాదని ఒప్పుకున్నాడు. ఈ వీలునామా రాయించడానికి అదే కారణం.

5. తారాజువ్వకు కందికట్టె బొగ్గే మేలు. ఇది ఆస్తి కాదు, ఒప్పుకోలు.

6. సాక్షిగా లాజరును పిలుద్దామన్నాను. వీలునామాలో లాభం పొందేవాడు సాక్షిగా ఉండకూడదని శేషన్న అన్నాడు. అని కలం కింద పెట్టి, నా చెవికి నోరు ఆనించి, “ఆయప్పే నీకంటే ముందు పోతే?” అని అడిగాడు. లాజరు నాకంటే రెండేండ్లు పెద్ద. రాతిదుమ్ముకు రొమ్ము పాడై దగ్గుతున్నాడు. కాగితం అక్కడే ఆపించి అటకెక్కాను.

లాజరు చర్చి నుంచి వచ్చి తన ఇంటి గడప ముందు కూర్చుని ఉన్నాడు. రుమాలు, పుల్ల అతని ఒడిలో పెట్టి, జరిగింది చెప్పాను. దారం రంగు వెలిసిపోయింది గానీ ముడి అతనిదే. చాలాసేపు దాన్ని తడిమాడు. “మీ చేను దాకా పోయిండాదా” అన్నాడు నా చెవి దగ్గర. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కనుక నాలుగో అంశం ఇందుమూలంగా కొట్టివేయడమైనది. ఆ వస్తువులు నా చేతులతోనే ఇచ్చేశాను. లాజరుకు ఈ వీలునామాలో ఇక లాభమేమీ లేదు గనుక సాక్షిగా నిలబడవచ్చును.

వికారి నామ సంవత్సరం, 1959 అక్టోబరు 18, ఆదివారం, బేతంచెర్ల.

(సంతకం) పెద్ద ఈరన్న

సాక్షులు:
1. గోపన్న, పక్కింటివాడు (సంతకం)
2. లాజరు, దాపల చేతి బొటనవేలి ముద్ర

వ్రాసినవాడు శేషన్న. రెండో సాక్షి, ఎవరి దాపల అని నన్ను అడిగి మరీ ముద్ర వేశాడు.