మూత పట్టని డబ్బా

కాలేజీలో పిల్లలకు ఉద్యోగాలు ఇప్పించే మాస్టారికి,

నమస్కారం. పెట్టాలని లేదు గానీ, ఉత్తరం అలా మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను.

మీ దగ్గర ఎంబీఏ చదువుతున్న చంటిగాడికి నేను తల్లిని. బజారు మలుపులో రంగుల కొట్టు నాదే. మావాణ్ణి మీరేం చేశారో నాకు తెలియాలి. నిన్న పొద్దున కొట్టుకు బయలుదేరుతూ మోటరు ఆపావా అని అడిగాను. ఆపాననో లేదనో చెప్పాలి కదా. వాడు నిటారుగా కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, "చాలా మంచి ప్రశ్న. ఇలాంటి పరిస్థితి నాకు గతంలో ఒకసారి ఎదురైంది. అప్పుడు నేను మూడు చర్యలు తీసుకున్నాను" అని మొదలెట్టాడు. మూడో చర్య దగ్గరికి వచ్చేసరికి ట్యాంకు పొర్లి, కింది వాటావాళ్లు ఆరేసుకున్న బట్టలన్నీ తడిసిపోయాయి. వాళ్లకు సర్దిచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కడితో ఆగాడా? మంచం మీదున్న వాళ్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఊపి, "ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగాడు. డాక్టరేదో చెప్పాడు, మీరంతా నా దగ్గర దాస్తున్నారు అని ఆవిడ అప్పటి నుంచి ముద్ద ముట్టడం లేదు.

బుద్ధిమంతుణ్ణి మీ చేతిలో పెడితే ఇలాగా పంపేది? వెంటనే బాగుచేసి పంపండి.

ఇట్లు,
ఒళ్లు మండిపోతున్న
రంగుల కొట్టు ఆవిడ

తా.క.: భోజనాల దగ్గర నన్ను "మీ బలహీనత ఏమిటి?" అని అడిగాడు. నువ్వేరా అన్నాను.

* * *

రంగుల కొట్టు అమ్మగారికి,

మీ ఉత్తరం ప్రిన్సిపాల్ గారి చేతిలో పడింది. ముందు ఆయన చదివి నన్ను తిట్టారు. తర్వాత నేను చదువుకుని మీ చేత తిట్లు తిన్నాను. ధన్యవాదాలు.

మీ అబ్బాయి లక్షణంగా ఉన్నాడు. అది నేనిచ్చిన హోంవర్కు. ఉద్యోగాలివ్వడానికి కంపెనీలు కాలేజీకి వచ్చే రోజులివి. వచ్చినవాళ్లు "మీకు ఎదురైన ఒక సంఘటన చెప్పండి" అంటారు. ఏం జరిగింది, నువ్వేం చేశావు, చివరికేమైంది అని వరసగా చెప్పాలి. మిగతా పిల్లలు జరగనివి కూడా దంచేస్తున్నారు. మీవాడు మేం పెట్టే ఉత్తుత్తి ఇంటర్వ్యూలో కూడా నోరు విప్పడు. నీ జీవితంలో ఏం జరిగిందిరా అంటే, ఏమీ జరగలేదు సార్ అంటాడు. ఏ పనీ చేసిన అనుభవం లేని పిల్లాణ్ణి నేను ఏ కంపెనీకి అంటగట్టను? అందుకే ఇంట్లోవాళ్ల మీద సాధన చెయ్యమన్నాను. ఈ ఏడు సగం మందికైనా ఉద్యోగాలు రాకపోతే ముందు పోయేది నా ఉద్యోగం. అది మీకు పట్టదు, తెలుసు.

ఇకపై ఉత్తరాలు నేరుగా నా గదికి రాయండి.

ఇట్లు,
ఓపికతో
ప్లేస్‌మెంట్ ఆఫీసర్

తా.క.: "అతిగా కష్టపడటమే నా బలహీనత" అనే జవాబును క్లాసు మొత్తం వాడేసుకుంది. మీవాడికి వేరే బలహీనత చూడండి. మీ ఇంట్లో వాటికి కొరత ఉండదనుకుంటాను.

* * *

ఓపిక గల మాస్టారికి,

అనుభవం లేదా? ఎవరికి? పదో తరగతి నుంచి బడి వదలగానే వచ్చి నా కొట్లో రంగులు కలిపినవాడికా? ఆకుపచ్చ గోడ సంగతి మీకు చెప్పలేదా?

ఒకాయన హాలుకని లేతాకుపచ్చ రంగు తీసుకెళ్లాడు. సగం గోడ వేశాక చాలక మళ్లీ వచ్చి కొన్నాడు. కంపెనీవాడు రెండోసారి పంపిన సరుకులో ఆ పచ్చ కాస్త ముదిరింది. గోడ మధ్య గీత గీసినట్టు తేడా. ఆయన బంధువులందరినీ వెంటేసుకుని కొట్టు మీదికొచ్చాడు. నేనూ నోటికొచ్చింది అనబోతుంటే మావాడు అడ్డొచ్చాడు. ఆయన వెంట ఇంటికెళ్లి, మిగిలిన డబ్బాలన్నీ ఒకే పెద్ద బకెట్లో కుమ్మరించి కలియబెట్టి, గోడ మొత్తం తనే మళ్లీ వేసి వచ్చాడు. ఇల్లు కట్టుకునే ప్రతివాణ్ణీ ఆయన ఇవాళ్టికీ నా దగ్గరికే పంపుతాడు. ఇది సంఘటన కాదా? మీకు ఇంకేం జరగాలి, కొట్టు తగలబడాలా?

నాకిప్పుడు అర్థమైంది. రంగుల కొట్టంటే మీకు నామోషీ. ఆ మాట ఎత్తొద్దని మీరే వాడి నోరు నొక్కారు. మీ సూట్లూ మీ టైలూ మీ దగ్గరే పెట్టుకోండి. నేనొచ్చానంటే మీ గది గోడలకు వేరే రంగు పడుతుంది.

ఇట్లు,
నామోషీ లేని
రంగుల కొట్టు ఆవిడ

తా.క.: మూతలు సరిగా పట్టని డబ్బాల గురించి రంగుల కంపెనీకి ఏళ్ల తరబడి రాస్తున్నాను. వాళ్లు ఒక్కదానికీ జవాబివ్వలేదు. మీరు వెంటనే ఇచ్చారు. మీరు చేసిన తప్పు అదే.

* * *

అమ్మగారూ,

నేను నోరు నొక్కానా? ఇంటి వ్యాపారం ఏమిటి అన్నచోట మీ సుపుత్రుడు తన బయోడేటాలో రాసింది చదవండి: "రసాయన ఉత్పత్తుల పంపిణీ రంగంలో స్థిరపడిన కుటుంబం." మీరు యాసిడ్ లారీలు తిప్పుతారేమో అనుకున్నాను. ఆకుపచ్చ గోడ గురించి నేను వినడం ఇదే మొదలు. నాలుగు నెలలుగా నెత్తీ నోరూ బాదుకుంటున్నాను, ఒక్క సంఘటన చెప్పరా బాబూ అని. కొట్టును దాచింది నేను కాదు, మీ చంటి. వాణ్ణి అడగండి. అడిగాక నాకు క్షమాపణ రాయండి.

ఇట్లు,
ఓపిక అయిపోయిన
ప్లేస్‌మెంట్ ఆఫీసర్

తా.క.: వచ్చే వారం ఒక రంగుల కంపెనీ వస్తోంది. ఏ కంపెనీయో చెప్పను. మీరు వాళ్లకు కూడా రాస్తారు.

* * *

మాస్టారికి,

మీ ఉత్తరం వాడి ముందు పెట్టాను. తల వంచుకుని, "కొట్టని చెబితే నవ్వారమ్మా" అన్నాడు. కాలేజీలో చేరిన కొత్తలో గోళ్ల సందుల్లో రంగు చూసి ఎవరో నవ్వారట. అప్పటి నుంచి రోజూ కిరసనాయిలుతో చేతులు తోముకుని వెళ్తున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. శుభ్రం నేర్చుకున్నాడనుకున్నాను.

నాకు ఏడుపు రాలేదు మాస్టారూ, ఒళ్లు మండింది. నవ్వినవాళ్ల మీద, వాడి మీద, మీ మీద కూడా కాస్త. వాడి చదువంతా ఆ కొట్టు మీదే నడిచింది. ఇంటర్వ్యూలో ఏం చెప్పుకుంటాడో వాడిష్టం. నేను వాడితో మాట్లాడటం లేదు. మోటరు కూడా నేనే ఆపుకుంటున్నాను.

క్షమాపణ అడిగారు కదా. ఈ ఉత్తరంలో తిట్లు తగ్గించాను, చూసుకోండి.

ఇట్లు,
రంగుల కొట్టు ఆవిడ

తా.క.: వచ్చేది ఎవరో ఆ కంపెనీ సరుకు తెచ్చే మనిషే చెప్పేశాడు. మా మూతల కంపెనీయే. రాశాను. కంగారు పడకండి, మావాడి ఊసెత్తలేదు. మూతల గురించే. కాస్త ఘాటుగా రాశాను.

* * *

అమ్మగారికి,

మీరు సంతోషిస్తారో లేదో గానీ, అంతా అయిపోయింది. తలుపుకు చెవి ఆనించి విన్నది రాస్తున్నాను.

కంపెనీ పెద్దాయన మీవాణ్ణి ఇంటి వ్యాపారం గురించి అడిగాడు. రసాయనాల పంపిణీ అని మొదలెట్టాడు. ఇల్లెక్కడ అని అడిగితే మీ బజారు చెప్పాడు. దాంతో పెద్దాయనకు హుషారొచ్చింది. ఆ మలుపులో ఒక రంగుల కొట్టుంది, అందులో ఒకావిడ మాకు ఉత్తరాలు రాస్తుంది, ఆఫీసులో అందరం పైకి చదువుకుని పడీ పడీ నవ్వుకుంటాం, నువ్వెప్పుడైనా చూశావా ఆవిణ్ణి అన్నాడు. పక్కవాళ్లు కూడా నవ్వారు.

మీవాడి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఆవిడ మా అమ్మ. నవ్వుకున్నారు సరే, జవాబెందుకు రాయలేదు?" అన్నాడు.

ఇక ఆగలేదు. ఏ డబ్బా ఏ లారీలో వచ్చింది, మూత ఎక్కడ లేస్తుంది, కారిన రంగుతో మీరు ఏం అవస్థ పడ్డారు, ఆకుపచ్చ గోడ ఎవరి పొరపాటు, అన్నీ ఏకరువు పెట్టాడు. నేను నేర్పిన నవ్వు లేదు, వరస లేదు, ధన్యవాదాలు లేవు. కంపెనీవాళ్లు టీ కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. నాకు మాత్రం ప్రిన్సిపాల్ గారి గదిలోకి పిలుపొచ్చింది. మీ ఇంట్లో కోపం తరతరాలుగా వస్తోందా అమ్మగారూ?

ఇట్లు,
ఇంకా ఎన్నాళ్లుంటానో తెలియని
ప్లేస్‌మెంట్ ఆఫీసర్

తా.క.: తలుపవతల చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. ప్రిన్సిపాల్ గారికి రాయకండి.

* * *

రంగుల కొట్టు యజమాని గారికి,

మా డబ్బాల మూతల గురించి ఇన్నేళ్లుగా మీరు రాసిన ఉత్తరాలన్నీ అందాయి. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. ఫిర్యాదులు చూసే కుర్చీ ఇక్కడ చాలాకాలంగా ఖాళీగా ఉంది. ఈ సోమవారమే మనిషిని పెట్టారు.

మూత అంచు పలచన కావడంతో లారీలో ఒత్తిడికి సడలుతోందని తేలింది. కారిన డబ్బాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాం. మీ ఆఖరి ఉత్తరంలో "మీ పెద్దాయనకు కూడా పైన మూత సరిగా పట్టినట్టు లేదు" అని రాశారు. అది ఆయనకు చదివి వినిపించాను. ఈసారి ఆయన నవ్వలేదు.

జవాబెందుకు రాయలేదని అడిగావు కదా, నువ్వే వచ్చి రాయి అని ఆయనే నన్ను పిలిపించారు. చేరేటప్పుడు, ఇంతకుముందు ఎక్కడ పనిచేశావని అడిగారు. మా అమ్మ రంగుల కొట్లో అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా అదే చెప్పేవాణ్ణి.

ఇట్లు,
విధేయుడు,
చంటి
ఫిర్యాదుల విభాగం

తా.క.: అమ్మా, ఉద్యోగమొచ్చింది వెళ్తున్నాను అన్నప్పుడు నువ్వు తల కూడా ఎత్తలేదు, ఏ ఉద్యోగమని అడగలేదు. ఇక మాట్లాడవే. మాట్లాడనంటే తిడుతూ ఒక ఉత్తరమైనా రాయి. జవాబివ్వకపోతే ఇక్కడ నా ఉద్యోగం ఊడుతుంది.