మచ్చ చుట్టూ తిరిగే అల

2010 జనవరి 11
బావ గుండె మళ్ళీ పరుగెత్తింది. ఉప్పల్‌లో బస్సు దిగి, ఒక దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాడట. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు.
"గ్యాసే. ఫికర్ జెయ్యకు."
గ్యాసట! పెళ్ళై మూడేళ్ళు... చిన్నప్పటి నుంచీ ఎరిగిన మేనత్త కొడుకు. ఆయన అబద్ధం నాకు తెలీదా?

జనవరి 13
దవాఖానా. చిన్నప్పుడు గుండెలో రంధ్రం కుట్టిన చోట మచ్చ ఉంది. కరెంటు ఆ మచ్చ చుట్టూ గిర్రున తిరుగుతోందట. తొడ దగ్గర నుంచి వైరు పంపి, అది నడిచే దారికి అడ్డంగా సన్నటి గీతలా కాలుస్తారు. లేకుంటే గుండె అలసిపోతుందన్నారు డాక్టరు.
బావది ఒకటే మాట. "చిన్నగున్నప్పుడు కోసిన్రు. ఇంగ ఇప్పుడు కాలుస్తరా? నేను రాను."
నాలుగేళ్ళుగా నా పనే ఇది. గుండె కండను కంప్యూటర్లో చిన్న చిన్న గళ్ళుగా చేసి, కరెంటు ఒక గడి నుంచి పక్క గడికి ఎలా పాకుతుందో లెక్క కడతా. ఊరందరికీ వివరిస్తా. ఇంట్లో ఒక్క మనిషికి చెప్పలేకపోయా.

జనవరి 16
దవాఖానాలో ఇచ్చిన స్కాన్ సీడీ నేను పనిచేసే ల్యాబ్‌కి పట్టుకుపోయా. పైన బావ పేరు — శ్రీనివాస్. ఆయన్ని అడగలేదు. తప్పే.

జనవరి 19
ఆ స్కాన్‌తో కంప్యూటర్లో బావ గుండె కట్టి నడిపించా. తిరుగుతోంది. ఆగదు. ఎర్రటి అల, మచ్చ చుట్టూ...
ఇలాంటివి ఎన్నో చూసి "భలే వచ్చింది" అని సంబరపడ్డదాన్ని. ఇవాళ ఏడుపొచ్చింది. ల్యాబ్ సార్ చూస్తారని బాత్‌రూమ్‌లోకి పోయా.

జనవరి 20
కాల్చినట్టు గీత పెట్టా. అల ఆగలేదు. మూడుసార్లు నడిపించా. ఆగలేదు.
డాక్టరు మాట తప్పా? బావ మొండితనమే నిజమా? భయంగా ఉంది.

జనవరి 22
బంద్. బస్సుల్లేవు. నాచారంలో బావ పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీకీ తాళం. పొద్దున్నే లాప్‌టాప్ తెరిచా. బావ చాయ్ తెచ్చి వెనక నిలబడ్డాడు.
"ఏంది గది?"
"గుండె. ఎవరో పేషెంట్‌ది."
చాలాసేపు చూశాడు. రోజంతా ఇనుప రేకులు కోసే మనిషి. తెర మీద వేలు పెట్టాడు.
"నీ గీత అంచుదాక పోలే. గీడ జర సందున్నది సూడు. కరెంటుకు గింత సాలు."
పెద్దది చేసి చూశా. ఒక్క గడి! కంప్యూటర్లో గళ్ళను సున్నా నుంచి లెక్కపెడతాం కదా, చివరి గడి వదిలేసే పాడలవాటు ప్రోగ్రాములు రాసే మా వాళ్ళందరికీ ఉంది. సరిచేసి నడిపించా. అల గీత దాకా వచ్చి, దారి లేక ఆరిపోయింది.
బావ పకపకా నవ్వాడు. తర్వాత మెల్లగా — "గా మచ్చ నాదే గదా?"
అవునన్నా. తిడతాడనుకున్నా. చల్లారిన నా చాయ్ తీసుకుపోయి వేడి చేసుకొచ్చాడు.
"గిట్లనే అంచుదాక గియ్యమని సెప్పు డాక్టర్‌కు. వస్త."
ఎంత ప్రేమొచ్చిందో ఈ మనిషి మీద.

ఫిబ్రవరి 2
వైరు తొడ దగ్గర నుంచి కదా, మొలతాడు ఉండొద్దని సిస్టర్ కత్తెర పట్టుకొచ్చింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. మగవాడి మొలతాడు తెంపేది ఎప్పుడో ఇద్దరికీ తెలుసు. నేను ఇవన్నీ నమ్మను. అయినా కత్తెరను చేత్తో తోసేశా. "ఒక్క నిమిషం సిస్టర్, ముడి ఇప్పుత."
గోళ్ళకు రాలేదు. వంగి పళ్ళతో విప్పా. ఆయనకు చక్కిలిగింత. "అందరు సూస్తున్రు పిల్లా!"
నవ్వుతూనే లోపలికి పోయాడు.

గంటన్నర అన్నారు. లోపలికి పోయి మూడు గంటలైంది. బెంచీ మీద కూర్చుని రాస్తున్నా.

తలుపు తీశారు. "శ్రీనివాస్ మనుషులు ఎవరమ్మా?"
నేనే. నేనొక్కదాన్నే...