మైకు నీ కొడుకు చేతిలోనే ఉంది

నర్సీపట్నం,
మంగళవారం, భోజనాల తర్వాత.

ప్రియమైన చెల్లి రూతమ్మకు,

నీ అక్క సుగుణమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఆయన దయవల్ల ఇక్కడ అందరం నిలబడే ఉన్నాం, నా మోకాళ్లు తప్ప. నీ నడుము నొప్పి ఎలా ఉంది? మరిదిగారి దగ్గు తగ్గిందా, లేక ఇంకా చుట్ట మానేశానని నీకు చెప్పి పెరట్లో కాలుస్తున్నారా?

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకుంటావు. మీ ఇంట్లో ఫోన్ మోగితే నీ కొడుకు జాన్‌బాబు ఎత్తుతాడు, స్పీకర్లో పెడతాడు, నువ్వు చెప్పాల్సిన జవాబులన్నీ అతనే చెప్పేస్తాడు. "అమ్మ బానే ఉంది పెద్దమ్మా" అంటాడు. వెనకాల నువ్వు మూలుగుతూ ఉంటావు. ఉత్తరమైతే భయం లేదు. నాలుగు వరసలు దాటి చదివే ఓపిక అతనికి చిన్నప్పటి నుంచీ లేదు. అక్షరాలు దిద్దించినదాన్ని కాబట్టి చెప్పగలను.

నేను బాగానే ఉన్నాను. బెంగ పెట్టుకోకు. లిల్లీ నన్ను బాగా చూసుకుంటోంది, అల్లుడు కూడా మంచివాడే. మేడ మీద వాటా కావడంతో దిగితే ఎక్కలేను, ఎక్కితే దిగలేను. డాక్టరు నడవమంటాడు, మెట్లు వద్దంటాడు. ఈ రెంటికీ మధ్య నాకు మిగిలింది వరండా. అక్కడ కూర్చుని పాడేరు వెళ్లే బస్సుల్ని చూస్తూ ఉంటాను. ఎండ మధ్యాహ్నం దాకా మాడ్చేసి, సాయంత్రం కొండల వైపు నుంచి మబ్బు తెచ్చి, వాన కురవకుండానే తీసుకుపోతోంది. కాఫీలో పంచదార ఆపేశారు. కూరలో ఉప్పు తగ్గించారు. నోటికి మిగిలిన రుచి మాట్లాడడమే, అదీ వినేవాళ్లు లేరు. మన ఊళ్లో నేను వీధిలోకి వస్తే టీచరుగారు వస్తున్నారని బీడీలు పారేసేవారు. ఇక్కడ నన్ను 'లిల్లీగారి అమ్మ' అంటారు. మొన్న కింద వాటా ఆవిడ పేరు అడిగితే, చెప్పడానికి నాకే ఒక క్షణం పట్టింది.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆదివారం సాయంత్రం టీవీలో మన ఊరి పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నికల చర్చ చూశాను.

సునీత నామినేషన్ వేసిందని విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. ఈసారి సీటు ఆడవాళ్లకు వచ్చింది, నీ కోడలు డిగ్రీ చదివింది, ఊళ్లో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో దానికి తెలుసు. నిలబడాల్సిన మనిషే నిలబడింది అనుకున్నాను. ఇక్కడి కేబుల్ ఛానెల్ వాళ్లు ఊరూరా తిరిగి అభ్యర్థుల చేత చర్చలు పెట్టిస్తున్నారట, అందులో మనది కూడా వేస్తున్నారని అల్లుడు చెప్పగానే మధ్యాహ్నమే కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాను. లిల్లీ పకోడీలు వేసింది. ఉప్పు లేని పకోడీలు. అయినా ఫర్వాలేదు, ఊరు కనబడుతుంది కదా అని తిన్నాను.

కనబడింది. మన బడి, నేను నాటించిన వేపచెట్టు, దాని కింద టెంటు, టెంటులో నాలుగు కుర్చీలు. పోటీ చేసేవాళ్లు ఇద్దరైతే కుర్చీలు నాలుగెందుకా అనుకున్నాను. మరుక్షణమే తెలిసింది. కత్తెర గుర్తు సునీత పక్కన జాన్‌బాబు. ఉంగరం గుర్తు రమణమ్మ పక్కన ఆవిడ భర్త అప్పలనాయుడు. మైకులు రెండు. రెండూ మొగుళ్ల చేతుల్లోనే.

యాంకరమ్మాయి చక్కగా నవ్వి, "ముందుగా మీ పేరు చెప్పండి మేడమ్" అని రమణమ్మను అడిగింది. అప్పలనాయుడు మైకు నోటి దగ్గర పెట్టుకుని, "మేడం పేరు రమణమ్మ అండి" అన్నాడు. ఆవిడ పేరు కూడా ఆవిడ చెప్పుకోలేదు రూతూ. నేను పకోడీ పక్కన పెట్టేశాను.

మన వంతు వచ్చింది. ఊళ్లో మంచినీళ్ల సమస్యకు మీరేం చేస్తారు మేడమ్ అని సునీతను అడిగారు. సునీత ముందుకు వంగింది. నోరు తెరిచింది. అంతలో నీ కొడుకు, "మా మిసెస్ తరఫున నేను సెప్తానండి" అని అందుకున్నాడు. మన ఊళ్లో నీళ్ల సమస్య లేదట. ప్రతి ఇంటికీ కుళాయి ఉందట. ఇంకో పెద్ద ట్యాంకు కట్టిస్తే తిరుగు లేదట. సునీత అతని చెవి దగ్గరికి వంగి, "ట్యాంకు కాదండీ, పైవీధికి పైపే లేదు కదా, అత్తమ్మ ఇప్పుటికీ బోరింగు కాడికే..." అంటోంది. మైకు మంచిది, అంతా వినబడింది. ఆ తర్వాత నీ కొడుకు అన్న మాట కూడా వినబడింది.

"నువ్వుండు."

ఆ మాట నర్సీపట్నం అంతా విన్నది.

నీ ఇంట్లో కుళాయి ఉన్న మాట నిజమే. దానికి నువ్వు మసిగుడ్డలు ఆరేస్తావు. నీ నడుము ఎందుకలా అయిందో, బోరింగు కొట్టి బిందె మోసిందెవరో ఆ కుర్చీల్లో తెలిసిన మనిషి ఒక్కర్తే. ఆవిణ్ణి ఉండమన్నారు.

నేను టీవీని తిట్టడం మొదలుపెట్టాను. లిల్లీ వంటింట్లోంచి, "ఏటమ్మా, అలాగరుస్తావు? ఆళ్లకి ఇనబడుద్దా ఏటి?" అంది.

"వినబడకపోతే నష్టం వాళ్లకే" అన్నాను.

అల్లుడు మర్యాదస్తుడు కదా, నొప్పించకుండా మాట్లాడాలని, "జాన్‌బాబు బాగానే మాట్లాడుతున్నాడండీ అత్తయ్యగారూ, మంచి కంఠం" అన్నాడు.

"కంఠానికి ఓటు వేసే పద్ధతి వస్తే చెప్పు బాబూ, అతనికే వేస్తాను" అన్నాను. పాపం, పకోడీల పళ్లెం నా వైపు జరిపాడు.

ఇంక అక్కడ జరిగింది వేరే చెప్పాలా. రోడ్డు ఎవరు వేయించారన్న దాని మీద ఇద్దరు మొగుళ్లూ పడ్డారు. నువ్వెంత అంటే నువ్వెంత. "మీ మేడం ఊసు నాకెందుకు, నీ ఊసు సెప్పు" అని ఒకరు, "అయితే నిలబడింది నువ్వా, మీ మేడమా" అని మరొకరు. ఎవరు ఎవర్ని అడిగినా జవాబు ఇద్దరికీ ఒకటే అని వాళ్లకు తోచలేదు. అంత గొడవలోనూ నా కన్ను ఆడవాళ్ల మీదే ఉంది. రమణమ్మకు పొలమారింది కాబోలు, దగ్గుతోంది. సునీత తన నీళ్ల సీసా మూత తీసి, మొగుళ్ల వెనక నుంచి చెయ్యి చాపి అందించింది. ఆవిడ తాగింది. ఇద్దరూ ఏదో అనుకున్నారు. రమణమ్మ నవ్వింది. మైకులు లేవు కదా, ఏమనుకున్నారో మాకు తెలియలేదు. ఆ సాయంత్రం మొత్తం మీద చర్చ అంటూ జరిగితే అదొక్కటే.

నాకు కోపం కంటే అలసట ఎక్కువ వచ్చింది చెల్లీ. ఆడవాళ్లకు సీట్లు వచ్చిన మొదటిసారి ఎలక్షన్ డ్యూటీకి వెళ్లి, పెట్టె పక్కన కూర్చుని, ఇంక మనవాళ్లు మాట్లాడతారని మురిసిపోయినదాన్ని నేను. ఆ తర్వాత ఎన్ని డ్యూటీలు చేశానో, ఎంతమంది ప్రెసిడెంటుల భర్తలకు నమస్కారం పెట్టానో. పంచాయతీ గోడ మీద పేరు ఆవిడది, లోపల కుర్చీ ఆయనది, టీ తెచ్చేది మళ్లీ ఆవిడే. పరాయివాళ్లు చేస్తే ఎగతాళి చేసి ఊరుకునేదాన్ని. మన ఇంటివాడు చేస్తే ఎగతాళికి కూడా ఓపిక రావడం లేదు.

సోమవారం పొద్దున్న సునీత ఫోన్ చేసింది. పెళ్లయి ఇన్నేళ్లయినా నన్ను పెద్దత్తమ్మా అనదు, బడిలో పిలిచినట్టే పిలుస్తుంది.

"టీచరుగారూ, సూసేరా?"

"చూశాను. చీర బాగుంది."

మళ్లీ నేనే అన్నాను. "అయిదో తరగతిలో నీ నోరు మూయించడానికి నాకు ఏడాది పట్టింది. జాన్‌బాబు ఒక్క మాటతో మూయించాడు. నాకంటే గట్టి మేష్టారే."

నవ్వింది. నవ్వాక ఏడ్చింది. "నాకు మాటాడ్డం రాక కాదండీ. పదిమందిలో ఆయన సేతిలోంచి మైకు లాక్కుంటే బాగుంటాదా? ఆయన పరువు పోద్ది. అత్తమ్మ ఏటనుకుంటాదో."

"మీ అత్తమ్మ ఏమనుకుంటుందో అడిగావా?"

"అడగలేదండి. ఇంట్లో ఈ ఊసు ఆయనొక్కరే మాటాడతారు."

"మరి గెలిస్తే?"

"గెలిస్తే సంతకాలు నేను పెడతానండి" అంది. ఆ మాట అన్నప్పుడు దాని గొంతు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. నేను బడిలో చేరిన కొత్తలో, హాజరు పలకడానికి బదులు తల ఊపే పిల్లలుండేవారు. వాళ్లు గుర్తొచ్చారు.

ఈ శనివారం సాయంత్రం నాలుగింటికి రెండో చర్చ ఉందట. మళ్లీ మన బడిలోనే, ఈసారి లైవు. పోలింగుకు ముందు ఇదే ఆఖరట. అంటే ఆ పిల్ల నోరు తెరవడానికి ఇదొక్కటే మిగిలింది. ఇప్పుడు ఉండిపోతే అయిదేళ్లూ ఉండిపోతుంది. నాకు తెలుసు, నీకూ తెలుసు. నువ్వు జాన్‌బాబుకి చెప్పలేవు. నిన్ను తప్పు పట్టడం లేదు. అతను చెడ్డవాడు కాదు, భార్యకు కష్టం లేకుండా తానే మాట్లాడి పెడుతున్నానని నిజంగా అనుకుంటున్నాడు. అలాంటివాళ్లతోనే చిక్కు. దెబ్బలాడటానికి కూడా వీలుండదు.

అందుకని నేనొకటి ఆలోచించాను. నువ్వు చెయ్యాల్సింది చాలా తక్కువ.

నా ఓటు ఇంకా మన ఊళ్లోనే ఉంది. ఇక్కడికి మార్పిస్తానని అల్లుడు కాగితాలు తెస్తే, కళ్లద్దాలు కనబడటం లేదని ఇన్నాళ్లూ దాటేశాను. ఓటు వెయ్యడానికి నేను ఊరికి రావాలి. షేర్ ఆటోలో కృష్ణదేవిపేట దాకా ఇరుక్కుని కూర్చునే మోకాళ్లు కావివి. కాబట్టి శనివారం మధ్యాహ్నం, కత్తెర బొమ్మ అతికించిన ఆ కారిచ్చి జాన్‌బాబును నా కోసం పంపు. పెద్దమ్మ అతన్నే రమ్మంది, వేరే డ్రైవరుతో రానంటోంది అని చెప్పు. నన్ను కాదనడు. ఎంతైనా ఒక ఓటు. "బేగి వెళ్లి బేగి వచ్చేస్తాను" అని బయల్దేరతాడు. మూడింటికల్లా ఇక్కడుంటాడు.

వచ్చాక కాఫీ ఇస్తాం. ఆ తర్వాత ప్రార్థన. ప్రయాణానికి ముందు పెద్దవాళ్లు ప్రార్థన చెయ్యకుండా మన ఇళ్లలో ఎవరూ గడప దాటరు, జాన్‌బాబు అసలే దాటడు, సంఘంలో పెద్ద కూడాను. కళ్లు మూసుకుని తల వంచాక, ప్రార్థన చేస్తున్న ముసలిదాన్ని మధ్యలో ఆపిన మగాడు మన వంశంలో ఇంకా పుట్టలేదు. నా ప్రార్థన సంగతి నీకు తెలుసు. క్రిస్మస్‌కి నేను మొదలుపెడితే పిల్లలు నిద్రపోయేవారు, అన్నం చల్లారిపోయేది, మీ ఆయన ఒంటికాలు మీంచి ఇంకో కాలు మీదకు మారేవారు. శనివారం నాడు దేవుడికి చెప్పుకోవాల్సినవి నాకు చాలా ఉన్నాయి. మన వీధిలో ప్రతి గడపనూ పేరుపేరునా తలుచుకుంటాను. రోగుల్ని తలుచుకుంటాను, ప్రయాణాల్లో ఉన్నవాళ్లను, పరీక్షలు రాసేవాళ్లను తలుచుకుంటాను. రమణమ్మను, అప్పలనాయుణ్ణి కూడా వదలను. నాలుగు కొట్టాక, లిల్లీ పక్క గదిలో టీవీ పెడుతుంది. కొంచెం గట్టిగానే పెట్టమన్నాను.

నువ్వు మాత్రం ఆ వేళకు నడుముకు గుడ్డ కట్టుకుని అయినా సరే, బడికి వెళ్లి ముందు వరసలో కూర్చో. పక్కన ఖాళీ కుర్చీ చూసి సునీత బెదురుతుంది. అప్పుడు నీ వైపు చూస్తుంది. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు, తల ఊపు చాలు. బోరింగు దగ్గర బిందె ఎత్తేటప్పుడు దానికేసి ఊపుతావే, అలాగ.

ఇక్కడ నీ కొడుకు కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, తన భార్య మాట్లాడడం మొదటి నుంచి చివరిదాకా వింటాడు. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి కావచ్చు. నచ్చినా నచ్చకపోయినా వింటాడు. అక్కడ మొన్న మైకు అతని చేతిలో ఉంటే ఉంది. ఇక్కడ ఆమేన్ నా నోట్లో ఉంది. సునీత చెప్పాల్సింది పూర్తయ్యేదాకా అది బయటికి రాదు.

మరిదిగారికి నా వందనాలు చెప్పు. పాస్టరుగారికి, ఆయన భార్యకు కూడా. నా మోకాళ్ల కోసం ప్రార్థన చెయ్యండి, నా నోటి కోసం అక్కర్లేదు. వచ్చే కారు ఖాళీగా రాకుండా రెండు కొండచీపుర్లు, కాస్త చింతపండు వేసి పంపు. ఇక్కడ చీపురంటే ప్లాస్టిక్‌ది ఇస్తున్నారు. పచ్చడికి ఉప్పు నేను చూసుకుంటాను, లిల్లీకి చెప్పకు.

దేవుడు నీ నడుమును నిలబెట్టు గాక.

ఎప్పటికీ నీ మంచి కోరే అక్క,
సుగుణమ్మ
(లిల్లీగారి అమ్మ)