క్యూ పక్కన యూ లేని మాట

జూన్ 9, సోమవారం

వదిన గారికి నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసా. మీ క్షేమం అడగడం మర్యాదే గానీ, నిన్న హాల్లో మీ ముఖం చూశాక అడగబుద్ధి కావడం లేదు. పాపకు జలుబు తగ్గిందని మొన్న అన్నయ్య చెప్పాడు, సంతోషం. మా ప్రెస్సులో కొత్త యంత్రం దిగింది. పాతదాన్ని ఇనుప సామాన్ల వాళ్ళు పట్టుకుపోయారు. కబుర్లు ఇంతే, ఇక అసలు సంగతి.

తొమ్మిదేళ్ళ పాటు నేనొక నోటుబుక్కు రాశాను. ప్రూఫులు దిద్దే పనిలో ఇంగ్లీషు కాగితాలు ఎన్నో నా కళ్ళ ముందు నుంచి పోయేవి. మందుల కరపత్రాలు, విత్తనాల జాబితాలు, పంపుసెట్ల వివరాలు. కొత్త మాట కనబడితే చాలు, తింటున్న డబ్బా పక్కన పెట్టి రాసుకునేదాన్ని. జెడ్‌తో ముగిసేవి ఒకచోట, అచ్చులే లేనివి ఇంకోచోట. క్యూ పక్కన యూ లేనివాటికి ఏకంగా నాలుగు పేజీలు. అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే ఆట ఆడేవాళ్ళకే ఆ పేజీల విలువ తెలుస్తుంది. చేతికి క్యూ వచ్చి యూ రాలేదంటే గొంతులో వెలక్కాయ పడ్డట్టే.

ఆ తరువాత నాకు విషజ్వరం వచ్చింది. మీరు నెల రోజులు నా గదిలోనే ఉండి మందులు పోశారు. కాదనను. మీరు వెళ్ళాక చూస్తే నోటుబుక్కు లేదు. ఏడాది తిరక్కముందే పుస్తకాల షాపు అద్దం వెనక అది అచ్చయి నిలబడింది, అట్ట మీద మీ పేరుతో.

నేను అన్నయ్యను అడిగాను. మాటలు ఎవడబ్బ సొత్తూ కాదే, డిక్షనరీలో అందరికీ ఉన్నవే కదా, పెద్దదాన్ని పట్టుకుని దొంగంటావా అని కసిరాడు. మీరు తలుపు దగ్గర నిలబడి పెదవి విప్పలేదు. చూస్తుండగానే ఆ ఆటకు క్లాసులు పెట్టారు, అందరి నోటా మాటల మేడమ్ అయ్యారు. నేను అసూయపడే ఆడపడుచునై మిగిలాను.

ఆ పుస్తకం నేనూ కొన్నాను. నలభై ఒకటో పేజీలో క్యూతో మొదలయ్యే క్యాబియన్ అనే మాట ఉంది. వరదకు గట్టు కోసుకుపోకుండా రాళ్ళు నింపి పేర్చే తీగ బుట్ట అని అర్థం, అచ్చంగా నా వాక్యమే. ఎందుకో అనుమానం వచ్చి డిక్షనరీలు తిరగేస్తే ఎక్కడా లేదు. మా ఫోర్‌మన్ బాబాయి అటక మీది పాత ప్రూఫుల కట్టలు దింపి ఇచ్చాడు. దుమ్ములో దొరికింది. ఏటిగట్ల గురించి వేసిన కరపత్రం అది. అసలు మాట గ్యాబియన్. టైపు పేర్చినవాడు జీ బదులు క్యూ పెట్టాడు. రెండింటికీ కింద తోక ఉంటుందిగా, అది ఎటు తిరిగిందో చూసుకోలేదు. అప్పటికి నేను పనిలో చేరి నెలే. తప్పని తెలియక, నిధి దొరికినట్టు రాసుకున్నాను. ఆ ప్రూఫు అంచున నా పొట్టి సంతకం, తేదీ అలాగే ఉన్నాయి.

ఒప్పులు అందరివీ అన్నాడు కదా అన్నయ్య. తప్పు మాత్రం నా ఒక్కదానిదే, వదినా. అది మీ పుస్తకంలోకి నడిచి వెళ్ళడానికి దారి ఒక్కటే.

ఎవరికీ చెప్పలేదు. ఆ ఆట పోటీల్లో పేరు ఇచ్చాను. మీ ఎదుటి కుర్చీ దొరకడానికి ఐదేళ్ళు పట్టింది.

నిన్న ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి క్యాబియన్‌కు కావలసిన ఆరు అక్షరాల్లో ‘ఓ’ తప్ప మిగతా ఐదూ నా ఏడు బిళ్ళల్లో చేరాయి. మంచి మంచి మాటలు వదిలేసి, మిగిలిన రెండు బిళ్ళలనే మార్చుకుంటూ కూర్చున్నాను. మీరు ఎనభై మార్కులు ముందున్నారు. ఏంటమ్మడూ, చెయ్యి తిరగట్లేదా అని జాలిపడ్డారు. అప్పుడే ఆ ‘ఓ’ వచ్చింది.

పేర్చాను. అభ్యంతరం ఉందా అని అంపైరు మాస్టారు అడిగారు. ఎందుకండీ, మా పుస్తకంలోనే ఉందిగా అని మీరు మీ శిష్యుల వైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, నేనే డిక్షనరీ చూడమన్నాను. మీ మాటకు మీరే అడ్డు చెప్పుకోవడం ఎక్కడి చోద్యమమ్మా అంటూనే ఆయన రెండుసార్లు వెతికారు. లేదు. అప్పుడు సంచీలోంచి ప్రూఫు తీశాను. అది చేతులు మారుతూ పోయింది. మీ శిష్యురాలు ఒకమ్మాయి నలభై ఒకటో పేజీ పక్కన పెట్టి చూసి, పుస్తకం మూసేసింది. ముందు వరుసలో అన్నయ్య తల దించుకున్నాడు. మీరేమైనా చెబుతారా అని మాస్టారు అడిగితే, ఏమీ లేదండీ అని మీరు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆట నేనే ఓడిపోయాను. గెలుపు ఎవరికి కావాలి? పుస్తకం షాపుల నుంచి వెనక్కి తెప్పిస్తున్నామని ఇవాళ పొద్దున అచ్చువేసినవాళ్ళు మా ప్రెస్సుకు ఫోన్ చేసి చెప్పారు. మీ క్లాసు గదికి తాళం పడిందట. నా కసి తీరింది. ఇకమీదట మీ గడప తొక్కను, మీరూ నా గడప తొక్కకండి.

ఇట్లు,
మీ ఆడపడుచు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. జ్వరం మూడో వారంలో, ఇక ఆశ లేదని డాక్టరు వసారాలో చెప్పడం నాకు వినబడింది. ఆ మధ్యాహ్నం నోటుబుక్కు మీ చేతుల్లో పెట్టింది నేనే. మీ పేరుతోనే వేయించండి, నా పేరు కనబడితే అన్నయ్య తట్టుకోలేడు అన్నాను. మీరు వద్దంటే ఏడ్చాను. నేనిచ్చానని అన్నయ్యకే కాదు, ఎవ్వరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. జ్వరంలో అన్నది నేను మరిచిపోయానని మీరు అనుకుంటున్నారు. ఒక్క మాట మరిచిపోలేదు. బతికి లేచాక, ఇచ్చింది తిరిగి ఇమ్మనడానికి నోరు రాలేదు, దొంగ అనడానికి మాత్రం వచ్చింది. నిన్న మాస్టారు అడిగినప్పుడు మీరు ఆ సంగతి బయటపెడతారని ఊపిరి బిగబట్టి చూశాను. ఈ ఉత్తరం చాలు, అన్నయ్యకు చూపించండి, మాస్టారికి చూపించండి. మీరు చూపించరు. నిద్రపోనివ్వకుండా నన్ను కాల్చుకు తింటున్నది అదే.